చిన్న వెన్ను, పెద్ద మూట



అమెరికాలోని కొలరాడో కొండల్లో బాగా ఎదిగిన మగ ఎల్క్ దుప్పి వెనక తొడ ఒక్కటి, ఎముకతో సహా, దాదాపు 25 కిలోలు తూగుతుంది. మనం కిరాణా కొట్లో కొనే పాతిక కిలోల బియ్యం బస్తా ఎంతో అంత. అలాంటి తొడలు రెండు. ముందు కాళ్లు రెండు, ఇంకాస్త తేలిక. వెన్నుకి రెండు పక్కలా పొడుగ్గా ఉండే మెత్తటి కండ, మెడ మీది మాంసం, పక్కటెముకల మధ్య మాంసం వేరే. వేటలో జంతువు పడిన చోటుకీ బండి ఆపిన చోటుకీ మధ్య 5 కిలోమీటర్ల కొండదారి ఉంటుంది. ఎత్తు 3,000 మీటర్లు. గాలి పలచన. మాంసం అక్కడే వదిలి రావడానికి లేదు. నాలుగు కాళ్ల మాంసం, వెన్ను మీది కండలు, వెన్ను లోపలి కండలు కనీసం తీసుకురావాలన్నది కొలరాడో నియమం. గుర్రాలూ, డబ్బిచ్చి పెట్టుకున్న మనుషులూ లేకపోతే వేటాడిన మనిషే తేవాలి. వీపు మీద తేవాలి.

ఆ మనిషి ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 55 కిలోలు అనుకుందాం. ఆరడుగుల మనిషి కొట్టినా, ఈ మనిషి కొట్టినా తొడ బరువు మాత్రం ఒకటే.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు సరదా వేటకి చోటు లేదు. అమెరికాలో అది లైసెన్సు మీద, లెక్క మీద నడిచే వ్యవహారం. ఏ కొండలో, ఏ నెలలో, ఏ ఆయుధంతో, మగదాన్నా ఆడదాన్నా అన్నది రాష్ట్ర వన్యప్రాణి శాఖ తేలుస్తుంది. ఎల్క్ అక్కడి పెద్ద దుప్పి. మన అడవుల్లోని కణుజుకి దూరపు చుట్టం, సాధారణంగా దానికంటే భారీ. మగది 320 కిలోల దాకా, ఆడది 225 కిలోల దాకా ఉంటుంది. కొలరాడోలో ఇవి రెండున్నర లక్షలకు పైనే. ఆ దేశంలో ఇంకే రాష్ట్రంలోనూ ఇన్ని లేవు.

వేట అంటే గడ్డం పెంచిన దిట్టమైన మగవాడి బొమ్మ కళ్ల ముందుకొస్తుంది. అమెరికా కేంద్ర ప్రభుత్వం 2016లో చేసిన సర్వే ప్రకారం ఆ దేశంలో వేటకి వెళ్లినవాళ్లు కోటీ 15 లక్షల మంది. వాళ్లలో పదోవంతు, అంటే దాదాపు 11 లక్షల మంది, స్త్రీలు. కొలరాడోలో 12 ఏళ్లు నిండిన పిల్లలు పెద్దల తోడుతో పెద్ద జంతువుల వేటకి వెళ్లొచ్చు. విస్కాన్సిన్, మిన్నెసోటాల్లో స్థిరపడ్డ హ్మాంగ్ కుటుంబాలు లావోస్ కొండల నుంచి వేట అలవాటును వెంట తెచ్చుకున్నవాళ్లు. వాళ్లలో పొట్టిగా, సన్నగా ఉండే మగవాళ్లు ఎందరో. వీళ్లందరూ సంచి కొనడానికి దుకాణానికి వెళ్తారు. ఆ సంచి నమూనా తయారయ్యేటప్పుడు ఎదురుగా నిలబెట్టిన వెన్ను చాలాసార్లు ఆరడుగుల మనిషిది.

పొరపాటు అక్కడే మొదలవుతుంది. చిన్న మనిషికి చిన్న సంచి చాలనుకుంటారు. దుకాణంలో అమ్మే మనిషీ అదే అంటాడు, ఇంట్లోవాళ్లూ అదే అంటారు. పగటి నడకకు పనికొచ్చే, ఫ్రేము లేని 40 లీటర్ల మెత్తటి సంచి ఒకటి కొని పంపిస్తారు. దాంట్లో చొక్కా, రొట్టె, నీళ్లు బాగానే కూర్చుంటాయి. ఎల్క్ తొడ కూర్చోదు. కూర్చున్నా భుజాలకు వేలాడుతుంది. చిన్న మనిషికి కావలసింది పొట్టి వెన్నుకు సరిపోయే గట్టి ఫ్రేము. సంచి కొలత తర్వాతి మాట.

లెక్క వేసి చూద్దాం. తొడ 24 కిలోలు. ఫ్రేముతో సంచి 3 కిలోలు. తుపాకి, దుర్బిణీ కలిపి 4 కిలోలు. నీళ్లు, కత్తులు, చలికోటు, తలదీపం, మందుల పెట్టె, తిండి ఇంకో 5. మొత్తం 36. 55 కిలోల మనిషికి ఇది ఒంటి బరువులో 65 శాతం! అదే 90 కిలోల మనిషికైతే 40 శాతం. అమెరికా సైన్యం కాలినడక ప్రయాణాల మీద రాసుకున్న చేతిపుస్తకంలో, పోరాడుతూ మోసే బరువు ఒంటి బరువులో 30 శాతం, పోరుకు నడిచిపోయేటప్పుడు 45 శాతం దాటకూడదని ఉంటుంది. ఈ లెక్కన పెద్దమనిషి సైనికుడి హద్దులోనే నడుస్తున్నాడు. చిన్నమనిషి దాన్ని ఎప్పుడో దాటేసింది. తుపాకి చిన్నమనిషి కోసం సగం బరువు కాదు, నీళ్లు సగం కావు, కత్తి సగం కాదు. ఒళ్లు చిన్నదైన కొద్దీ సామాను చిన్నదవదు.

మరి 65 శాతం మోయగలిగినవాళ్లు లోకంలో లేరా అంటే, ఉన్నారు. ఎవరెస్టు దారిలో నామ్చే బజారుకి సరుకులు మోసే నేపాలీ కూలీలను 2005లో కొందరు శాస్త్రవేత్తలు తూచి చూశారు. మగవాళ్లు సగటున ఒంటి బరువులో 93 శాతం, ఆడవాళ్లు 66 శాతం మోస్తున్నట్టు తేలింది. నుదుటి మీదుగా వేసుకునే నామ్లో అనే పట్టీకి డోకో అనే బుట్టను వేలాడదీసుకుని, తడవకోసారి టి ఆకారపు కర్ర మీద బుట్ట ఆనించి నిలబడి, మళ్లీ నడుస్తారు. చిన్నప్పటి నుంచీ అదే పని. మన 55 కిలోల వేటగత్తె ఏడాదికి వారం రోజులు కొండెక్కే మనిషి. ఆ నేపాలీ ఆడకూలీతో సమానమైన బరువుని ఆమె నెత్తిన పెట్టుకోబోతోందన్న మాట, అదీ చీకట్లో, దారి లేని ఏటవాలులో.

నెత్తిన అంటే మన పల్లెలు గుర్తుకొస్తాయి. చుట్టకుదురు పెట్టుకుని నీళ్ల బిందె నెత్తిన మోసే ఆడవాళ్ల నడకలో ఒక రహస్యం ఉంది. బరువు సరిగ్గా వెన్నెముక మీద, నిట్టనిలువునా దిగుతుంది. కెన్యాలో లువో స్త్రీల మీద 1986లో వచ్చిన ఒక పరిశోధన ఆశ్చర్యపరిచింది. ఒంటి బరువులో అయిదోవంతు దాకా నెత్తిన పెట్టుకున్నా వాళ్లకు ఉత్త నడకకంటే అదనపు శక్తి ఖర్చు కాలేదు. వీపుసంచికి ఈ అదృష్టం లేదు. అది వెన్నెముక వెనక ఉంటుంది, వెనక్కి లాగుతుంది, మనిషి ముందుకు వంగి దాన్ని సరిచేసుకోవాలి. బరువు వీపుకి ఎంత దూరం జరిగితే అంత వంపు. 55 కిలోల మనిషికి ఎదురు నిలిచే సొంత బరువు తక్కువ కాబట్టి, మాంసం ఒక బెత్తెడు వెనక్కి జారినా నడక మారిపోతుంది. అందుకే సంచి ఏదైనా మాంసాన్ని వీపుకి అంటిపెట్టి ఉంచుతుందా అన్నది మొదటి ప్రశ్న.

బరువు భుజాల మీంచి తుంటికి దిగిన కథ ఒకటి ఉంది. 1920ల్లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌కి చెందిన లాయడ్ నెల్సన్ అలాస్కాలో ఆదివాసుల మోపు కట్టే పద్ధతి చూసి, చెక్క చట్రానికి గుడ్డ బిగించి ఒక సంచి తయారుచేశాడు. ట్రాపర్ నెల్సన్ అనే పేరుతో అది దశాబ్దాల పాటు అమెరికా అడవుల్లో తిరిగింది. బరువు మాత్రం భుజాల మీదే. 1950ల మొదట్లో కాలిఫోర్నియా సియెరా కొండల్లో డిక్ కెల్టీ, అతని స్నేహితుడు నడుస్తూ, చెక్క చట్రం కింది కొసల్ని ప్యాంటు వెనక జేబుల్లో దూర్చి చూశారట. భుజాలు ఒక్కసారి తేలికపడ్డాయి. 1952లో కెల్టీ దంపతులు గ్లెండేల్‌లోని తమ ఇంట్లోనే సంచుల తయారీ మొదలుపెట్టారు. ఆయన అల్యూమినియం గొట్టాలను వీపు వంపుకి తగ్గట్టు వంచి అతికేవాడు, భార్య నీనా గుడ్డ కుట్టేది. నడుం బెల్టు ఆ ఇంటి నుంచే జనంలోకి వచ్చింది. 1963లో ఎవరెస్టు ఎక్కిన అమెరికా బృందం వాడింది కెల్టీ సంచులనే.

ఇవాళ్టి వేట సంచులు ఆ ఇంటికి మనవలే. మోంటానాలోని బోజ్‌మన్ ఈ పనికి పేరున్న ఊరు. మిస్టరీ ర్యాంచ్, స్టోన్ గ్లేసియర్ అనే సంచుల సంస్థలు రెండూ అక్కడ పుట్టాయి. ఐడహోలో ఎక్సో మౌంటెన్ గేర్, కొలరాడోలో కిఫారు, సీక్ అవుట్‌సైడ్ మొదలయ్యాయి. ఏది గొప్పదన్న వాదన వేటగాళ్ల మధ్య ఎప్పటికీ తెగదు. చిన్న మనిషి ఆ వాదనలోకి దిగకుండా, ముందు తన వెన్ను కొలత తెలుసుకుంటే మేలు.

ఎలా కొలవాలి? తల ముందుకు వంచితే మెడ అడుగున ఒక ఎముక బుడిపెలా పొడుచుకొస్తుంది. వైద్యులు దాన్ని ఏడో మెడపూస అంటారు. పై కొలత అక్కడ మొదలు. కింది కొలతకి రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, బొటనవేళ్లు వెనక్కి ఉంచి, తుంటి ఎముకల పై అంచు తడుముకోవాలి. రెండు బొటనవేళ్ల మధ్య అడ్డంగా ఒక గీత ఊహించుకోవాలి. బుడిపె నుంచి ఆ గీత దాకా, దర్జీ టేపు వెన్నెముక వంపు వెంబడి ఆనించి, ఇంకొకరు కొలవాలి. తనకు తాను కొలుచుకుంటే తప్పు వస్తుంది. వచ్చిన అంగుళాలే సంచి కొలత.

ఇందులో చాలామందిని తప్పుదోవ పట్టించేది ఎత్తు. 5 అడుగుల 2 అంగుళాల ఇద్దరిలో ఒకరి వెన్ను 15 అంగుళాలు, ఇంకొకరిది 17 అంగుళాలు ఉండొచ్చు. ఒకరికి కాళ్లు పొడుగు, ఒకరికి నడుము పొడుగు. బట్టల కొట్టులో చిన్న సైజు చొక్కా సరిపోయే మనిషికి సంచి మధ్య సైజు కావలసి రావచ్చు. అందుకే చొక్కా సైజు చెప్పి సంచి తెప్పించుకోవడం పొరపాటు. స్త్రీల కోసం అని రాసి ఉన్నంత మాత్రాన అది అందరు స్త్రీలకూ సరిపోదు. ఆ మాట రాసిలేని సంచి 15 అంగుళాల దాకా కుదించగలిగితే పొట్టి మగవాడికీ, ఎదుగుతున్న కుర్రాడికీ, స్త్రీకీ సరిపోతుంది. మిస్టరీ ర్యాంచ్ సంచుల్లో భుజం పట్టీల భాగం మొత్తం వీపు వెంబడి పైకీ కిందికీ జరుగుతుంది. ఇంకొన్నిట్లో ఫ్రేములే 22, 24, 26 అంగుళాలని వేర్వేరు ఎత్తుల్లో దొరుకుతాయి. ఈ రెండూ ఒకటి కావు. తేడా అక్కడే ఉంది.

భుజం పట్టీలను కిందికి జరిపినంత మాత్రాన ఫ్రేము పొట్టిది కాదు. 26 అంగుళాల ఫ్రేము మీద పట్టీలు 15 అంగుళాల దగ్గర బిగిస్తే, మిగిలిన ఫ్రేము తల వెనక నిలబడుతుంది. కొండ మీదికి చూడబోతే టోపీ అంచు దానికి తగులుతుంది. నేల మీద బోర్లా పడుకుని తుపాకి గురిపెడితే ఫ్రేము తలను కిందికి నెడుతుంది. పైన్, ఆస్పెన్ చెట్ల కింద వంగి వెళ్తున్నప్పుడు కొమ్మలకు తట్టుకుంటుంది. అడుగుభాగం కిందికి దిగితే ఇంకో కష్టం. ఏటవాలు ఎక్కడానికి మోకాలు పైకెత్తినప్పుడల్లా పిరుదులకు తగిలి, సంచి మొత్తం పైకి లేస్తుంది. విల్లుతో వేటాడేవాళ్లు సంచి వేసుకునే విల్లు లాగి చూడాలి. మోచెయ్యి ఫ్రేముకి తగిలితే అది వాళ్ల సంచి కాదు.

అలాగని ఫ్రేము మరీ పొట్టిదీ పనికిరాదు. భుజం పట్టీల పైనుంచి ఫ్రేము పైకొసకి వెళ్లే రెండు చిన్న పట్టీలుంటాయి. లోడ్ లిఫ్టర్లంటారు. బరువుని భుజాల మీంచి కొంచెం పైకెత్తి, సంచి తలభాగాన్ని మనిషి వైపు లాగడం వాటి పని. అవి భుజం నుంచి 30 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య ఏటవాలుగా పైకి వెళ్తేనే పనిచేస్తాయి. ఫ్రేము కొస భుజంతో సమానంగా ఉంటే అవి అడ్డంగా పడుకుని, భుజాన్ని వెనక్కి పీకుతాయే తప్ప పైకెత్తవు. 25 కిలోలు దాటిన మూటకి భుజం కంటే నాలుగైదు అంగుళాల ఫ్రేము పైన ఉండటం అవసరం. పొట్టి వెన్నుకి 22 లేదా 24 అంగుళాల ఫ్రేము తరచు కుదిరేది అందుకే.

ఇక నడుం బెల్టు. సంచి అంతటిలో చిన్న మనిషి ఎక్కువసేపు పరీక్షించాల్సింది ఇదే. బాగా అమరిన సంచిలో బరువులో నాలుగింట మూడు వంతులు తుంటి మీద దిగుతుంది. బెల్టు మధ్యభాగం తుంటి ఎముక పై అంచు మీద కూర్చోవాలి. బొడ్డు మీద కాదు, కింద తొడల దగ్గర కాదు. ఎముకను కౌగిలించుకున్నట్టు ఉండాలి. 25, 26 అంగుళాల నడుము ఉన్న మనిషికి మామూలు బెల్టు కడితే మెత్తలు రెండూ పొట్ట ముందు కలిసిపోతాయి. అప్పుడు బకిల్ ఎంత లాగినా ఇంక బిగుసుకోదు. పొద్దున్న బాగానే ఉంటుంది. నాలుగు రోజులు కొండల్లో తిరిగాక నడుము ఒక అంగుళం తగ్గుతుంది, చలికోటు తీసేస్తే ఇంకో అంగుళం వదులు. బెల్టు జారి, బరువంతా భుజాల మీదికి ఎక్కుతుంది. అందుకని బెల్టు బిగించాక రెండు మెత్తల మధ్య కనీసం నాలుగు వేళ్ల ఖాళీ మిగలాలి. చాలా సంస్థలు బెల్టుని విడిగా, చిన్న సైజులో అమ్ముతాయి. ఫ్రేము ఒక సైజు, బెల్టు ఇంకో సైజు తెప్పించుకోవడానికి సందేహించనక్కర్లేదు.

స్త్రీల తుంటి నడుము కిందికి విచ్చుకున్నట్టు ఉంటుంది. తిన్నటి బెల్టు చుడితే కింది అంచు ఎముకని కోస్తుంది, పై అంచు గాలిలో నిలబడుతుంది. బెల్టు తనే కొంచెం వంపుగా, కింద వెడల్పుగా, పైన దగ్గరగా కుట్టి ఉండాలి. కొన్నిటికి పైనా కిందా రెండు పట్టీలు ఉంటాయి, విడివిడిగా బిగించుకోవచ్చు. అవి ఇలాంటి ఒంటికి బాగా నప్పుతాయి. రోజంతా మోసి బెల్టు విప్పాక ఎర్రటి గీత తుంటి ఎముక చుట్టూ సమానంగా పడిందంటే సంచి కుదిరినట్టు. ఒక్క చోటే కందిపోతే కుదరనట్టు.

భుజాలు ఇరుకైన మనిషికి పట్టీల మధ్య దూరం తక్కువ ఉండాలి. లేకపోతే అవి భుజం చివరికి జారి, చంకలోకి దిగుతాయి. స్త్రీలకు పట్టీ ఎస్ ఆకారంలో రొమ్ము పక్కగా తిరిగి వెళ్లాలి. ఛాతీ పట్టీ పైకీ కిందికీ జరగాలి. పట్టీ తప్పుగా పడితే చంక పైనున్న నరాల గుచ్ఛం నలుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఒక్కోసారి చెయ్యి పైకి లేవదు. దీనికి సైనిక వైద్యంలో రక్‌సాక్ పాల్సీ అని పేరే ఉంది. నడుం బెల్టు, ఫ్రేము ఉన్న సంచులతో ఇది బాగా తగ్గుతుందని సైనిక వైద్యులు గమనించారు. మోస్తుండగా వేళ్లు తిమ్మిరెక్కితే ఓర్చుకోవలసిన పని లేదు. ఆగి, బెల్టు బిగించి, పట్టీలు వదులు చెయ్యాలి. ఓర్పుకి ఇక్కడ బహుమతి ఏమీ లేదు.

ఇప్పుడు సంచి దగ్గరికి వద్దాం. నేటి వేట సంచుల్లో ఫ్రేముకీ సంచికీ మధ్య ఒక అర ఉంటుంది. మీట్ షెల్ఫ్ అంటారు. కట్లు వదులు చేసి సంచిని వెనక్కి లాగితే, వీపుకీ సంచికీ నడుమ మాంసం మూట పట్టేంత చోటు వస్తుంది. గుడ్డసంచిలో కట్టిన మాంసాన్ని అక్కడ నిలబెట్టి, కట్లు బిగిస్తే అది వీపుకి అతుక్కుంటుంది. తేలికైన సామాను బయట పడుతుంది. చిన్న మనిషికి ఇంతకంటే మేలు చేసిన ఏర్పాటు వేట సంచుల్లో ఇంకోటి లేదు. ఎందుకంటే 30, 40 లీటర్ల చిన్న సంచిని గట్టి ఫ్రేముకి తగిలించుకుని తిరగొచ్చు, మాంసం దొరికిన రోజు అదే ఫ్రేము బరువు మోస్తుంది. వారం రోజుల మకాం అయితే 80 లీటర్ల సంచి అదే ఫ్రేముకి. మూట మరీ పైకి కడితే పొట్టి మనిషి తూలుతుంది, మరీ కిందికి కడితే వెనక్కి లాగుతుంది. భుజం ఎముకలకీ నడుముకీ మధ్యలో, వెన్నుకి ఆనించి కట్టాలి.

కొండల్లో బరువు మోయడం ఎంత పాతదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. 1991 సెప్టెంబరు 19న ఆల్ప్స్ కొండల్లో, ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దు మంచులో ఇద్దరు జర్మన్ నడకదారులకు ఒక శవం కనిపించింది. 5,300 ఏళ్ల నాటిదని తర్వాత తేలింది. ఎట్జీ అని పేరు పెట్టారు. ఇప్పుడు బోల్జానో మ్యూజియంలో ఉన్నాడు. ఎత్తు దాదాపు 160 సెంటీమీటర్లు, బరువు 50 కిలోలు. మన ఊహలోని వేటగత్తె ఇంచుమించు అంతే. ఆఖరి భోజనంలో అడవి మేక, ఎర్ర దుప్పి మాంసం. పక్కన తన ఎత్తుకంటే పెద్దదైన, ఇంకా పూర్తిగా చెక్కని విల్లు దొరికింది. దాంతో పాటు యు ఆకారంలో వంచిన హేజల్ కర్ర, రెండు లార్చ్ చెక్కపలకలు. ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయంలో అది వీపుకి కట్టుకునే మోత చట్రం. ఆ చట్రాన్ని ఆయన ఎవరో సగటు మనిషి కోసం చేసి ఉండడు. తన వెన్నుకు తనే వంచుకుని ఉంటాడు.

సంచి ఇంటికొచ్చాక అసలు పరీక్ష. ఖాళీ సంచి అద్దం ముందు ఎవరికైనా అందంగానే ఉంటుంది. దాంట్లో 20 కిలోల ఇసుకో బియ్యమో వెయ్యాలి. కట్టే వరస కూడా ముఖ్యమే. పట్టీలన్నీ వదులు చేసి, సంచి వేసుకుని, ముందు నడుం బెల్టు బిగించాలి, తర్వాత భుజం పట్టీలు, ఆ తర్వాత లోడ్ లిఫ్టర్లు, చివర ఛాతీ పట్టీ. అప్పుడు భుజం పట్టీలను పూర్తిగా వదులు చేస్తే సంచి తుంటి మీద నిలబడాలి. కిందికి జారితే బెల్టు మార్చాలి, లేదా సంచి మార్చాలి. అరగంట మెట్లెక్కాలి. సాధన కోసం కొండెక్కేవాళ్లు ఇసుకకి బదులు నీళ్ల డబ్బాలు వేసుకుంటే ఒక సుఖం ఉంది. శిఖరం మీద నీళ్లు పారబోసి, ఖాళీగా దిగొచ్చు. మోకాళ్లకు దెబ్బ తగిలేది దిగేటప్పుడే.

25 కిలోల మూటతో నేల మీంచి లేవడం ఇంకో విద్య. పెద్దమనిషి ఒక్క ఊపుతో భుజానికెత్తుకుంటాడు. చిన్నమనిషి అలా చేస్తే నడుము పడుతుంది. సంచిని ఏటవాలులో పై పక్కన, తుంటి ఎత్తున ఉండే బండ మీదో పడిపోయిన చెట్టు మీదో ఆనించాలి. దానికి వీపు పెట్టి కూర్చుని, పట్టీలు కట్టుకుని, ముందుకు వంగి, రెండు చేతికర్రల మీద బరువు ఆనిస్తూ లేవాలి. అందుకే సంచి అడుగు గట్టిగా ఉండి, నిటారుగా నిలబడుతుందా అన్నది కూడా కొనేటప్పుడే చూసుకోవాలి.

ఇంత చేసినా 24 కిలోల తొడని ఎముకతో సహా మోయాలని ఎక్కడా లేదు. ఎముక తీసేస్తే కొన్ని కిలోలు దిగుతుంది. కొలరాడోలో జంతువు ఆడదో మగదో తెలిపే ఆనవాలు మాంసానికి సహజంగా అంటి ఉండాలి కాబట్టి, ఎముక తీసేటప్పుడు ఆ భాగం కోసేయకుండా చూసుకుంటారు. ఎముక లేని మాంసం నీళ్ల సంచిలా జారుతుంది. గుడ్డసంచి కట్లు బాగా బిగించి గట్టి మూటగా చేసుకోవాలి.

ఆడ ఎల్క్ నుంచి ఎముక తీసిన మాంసం 65 కిలోలు వచ్చిందనుకుందాం. విడతకి 25 కిలోలైతే మూడు విడతలు. 18 కిలోలైతే నాలుగు. బండి 5 కిలోమీటర్ల దూరంలో ఉంటే, మూడు విడతలకు, మధ్యలో ఖాళీగా తిరిగొచ్చేదీ కలిపితే, నడక 25 కిలోమీటర్లు. నాలుగు విడతలకు 35. సెప్టెంబరులో, విల్లు వేట రోజుల్లో, పగలు ఎండగా ఉంటుంది, మాంసం పాడయ్యే భయం ఉంటుంది. చిన్న మనిషి సంచి కొనేటప్పుడే ఈ 35 కిలోమీటర్ల గురించి ఆలోచించాలి. ఒంటరిగా వెళ్లే రోజు బండికి రెండు మూడు కిలోమీటర్ల లోపే వేటాడాలని ముందే తేల్చుకోవడం పిరికితనం కాదు. ఇద్దరు స్నేహితులు తోడుంటే ఆ హద్దు గీతను ఇంకా దూరం జరపొచ్చు. మంచి ఫ్రేము ఆ గీతను ఒక కిలోమీటరు జరుపుతుంది, అంతకంటే కాదు.

ఈ కొలతలు వేటకి మాత్రమే పనికొచ్చేవి కావు. మన తెలుగు పిల్లలు హిమాలయాల్లో నడకకు వెళ్లి, బేస్ క్యాంపులో అద్దెకిచ్చే రక్‌సాక్ ఏది దొరికితే అది తగిలించుకుంటారు. మెడపూస నుంచి తుంటి దాకా టేపు పెట్టి, బెల్టు మెత్తల మధ్య నాలుగు వేళ్ల ఖాళీ చూసుకుంటే ఆ నడక వేరుగా ఉంటుంది. బడిసంచి పిల్లల ఒంటి బరువులో పదోవంతు దాటకూడదని 2020లో కేంద్రం విధానం ప్రకటించింది. మోసే ఒంటిని బట్టి బరువు తేల్చాలన్నదే అక్కడా సూత్రం. ఇంట్లో తూకం ఉన్న తల్లిదండ్రులకు పిల్లల సంచి తూచడం రెండు నిమిషాల పని.

మళ్లీ కొలరాడోకి. మన వేటగత్తె మొదటి విడత మాంసం బండిలో పెట్టేసరికి అర్ధరాత్రి దాటింది. మిగతా మూటలు పేగులు తీసిన చోటుకి వంద గజాలు దూరంగా, చెట్టు నీడలో, కొమ్మకి వేలాడుతున్నాయి. తెల్లవారుజామున ఆమె తిరిగి బయల్దేరుతుంది. తుపాకి బండిలోనే ఉంచింది, నాలుగు కిలోలు తగ్గాయి. దుప్పటి, మకాం సామాను బయట పడేసింది. సంచిలో రెండు లీటర్ల నీళ్లు, చిన్న కత్తి, పొడి మేజోళ్లు, రెండు ఖాళీ గుడ్డసంచులు. తుంటి మీద ఎర్రటి గీత రెండు పక్కలా సమానంగానే ఉంది. ఖాళీ సంచి అటూ ఇటూ ఊగకుండా పక్క కట్లు బిగించి, నడుం బెల్టుని నిన్నటి కంటే ఒక వేలెడు లోపలికి లాగి, నడక మొదలుపెడుతుంది.